బొమ్మ అడిగితేనే చెబుతారు

పోయిన నెలలో మా మనవడి చేతికున్న పిండికట్టు తీయించడానికి ఆస్పత్రికి వెళ్లాం. వాడికి ఆరేళ్లు. జామచెట్టు మీంచి పడి ముంజేయి విరిగింది. కట్టు కోసే మిషను గుర్రుమనగానే బల్ల దిగి తలుపు దాకా పరిగెత్తాడు. పట్టుకొచ్చి మళ్లీ కూర్చోబెట్టారు. మా కోడలు ఫోన్లో కార్టూన్ పెట్టి చేతికిచ్చింది. అక్కడున్నవాళ్లు కూడా "అదే చూపించండమ్మా, కదలకుండా ఉంటాడు" అన్నారు. వాడు ఫోను వంక చూడనే లేదు. మిషను వంకే చూస్తూ కట్టున్న చేతిని రొమ్ముకు అదుముకున్నాడు.

అరగంట పెనుగులాట. అంతసేపూ ఎందుకు భయపడుతున్నావని వాణ్ణి అడిగినవాళ్లు లేరు. నేను అడిగాను గానీ నాకూ చెప్పలేదు.

అప్పుడు భుజం మీది తువ్వాలు తీశాను. ఒక మూల ముడి వేస్తే తలకాయ అయింది. ముడిలోకి చూపుడువేలు దూర్చి, బొటనవేలు ఒకవైపు, నడిమివేలు ఒకవైపు చాపితే రెండు చేతులు. ఆ తువ్వాలు బొమ్మ నా మోకాలి వెనక నక్కి, మిషను వంక తొంగి చూసి, సన్న గొంతుతో "నాకు భయమప్పా" అంది.

వాడు దాని వంక చూశాడు. "నీకెందుకు భయం? నీకు కట్టు లేదు గదా" అన్నాడు.

"మరి నీకెందుకు?" అంది బొమ్మ.

వాడు నా మొహం చూడకుండా, బొమ్మకు చెవి ఉండాల్సిన చోట నోరు పెట్టి చెప్పాడు. "కట్టుతో పాటు చెయ్యి గూడా తెగిపోతాది."

ఇంట్లో మేమంతా ఎన్నోసార్లు "కట్టు కోస్తారు, కట్టు కోస్తారు" అనుకున్నాం. ఆ మాట విని, అన్ని వారాలూ పసివాడు ఆ భయాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాడు.

మిషను నడిపే అబ్బాయి మంచివాడు. సంగతి తెలియగానే ఆ పళ్ల చక్రాన్ని తన అరచేతికి ఆనించి చూపించాడు. అది రంపంలా గిర్రున తిరగదు, ఉన్నచోటనే అటూ ఇటూ సన్నగా అదురుతుంది. గట్టిగా బిగుసుకున్న కట్టును కోస్తుంది, దానితో పాటు కదిలే మెత్తటి చర్మాన్ని కోయదు. ఆ తర్వాత తువ్వాలు బొమ్మ చేతికి ఆనించాడు. మూడోసారి మనవడే చెయ్యి చాపాడు. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది.

ఇంటికి వచ్చేదారి పొడుగునా నా కోపం తగ్గలేదు. పిల్లవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టడానికి వేలకు వేలు పోసి ఫోన్లు కొంటున్నాం. వాడి నోటి వెంట మాట రప్పించడానికి ఏమీ కొనక్కర్లేదు, చెయ్యీ గొంతూ చాలు. ఆ చెయ్యి వాడటం మరిచిపోయాం.

మా రోజుల్లో ఇలా బొమ్మతో మాట రప్పించడాన్ని ఎవరూ వైద్యం అనలేదు. ఆ పేరు లేకుండానే జరిగిపోయేది.

నేను పుట్టింది ధర్మవరం పక్క పల్లెలో. తోలుబొమ్మలకు పేరుపడిన నిమ్మలకుంట మాకు దూరమేమీ కాదు. చెనక్కాయల పని అయిపోయి జనం చేతిలో నాలుగు గింజలు ఆడే రోజుల్లో బొమ్మలాట వాళ్లు వచ్చేవాళ్లు. మొగుడూ పెళ్లాం, అన్నదమ్ములు, పిల్లలు, ఇంటిల్లిపాదీ. బొమ్మలన్నీ ఒక పెద్ద వెదురు బుట్టలో. వాళ్లలో వాళ్లు ఆరె మరాఠీ మాట్లాడుకునేవాళ్లు, తెర వెనక్కి వెళ్తే రామాయణ భారతాలు అచ్చ తెలుగులో దొర్లేవి.

నాకు బాగా గుర్తున్నది ఆట కాదు, ఆట ముందటి పగలు. ఆ పెద్దాయన పొద్దున్నే ఊరంతా ఒక చుట్టు తిరిగేవాడు. గింజల కోసం తిరుగుతున్నాడని మేమనుకునేవాళ్లం. ఆయన వింటూ తిరిగేవాడు. ఎవరి ఎద్దు ఎవరి చేలో పడింది, ఎవరి కోడలు పుట్టింటికి పోయి రాలేదు, గుడి దగ్గర బావి నీళ్ల కోసం ఎవరు కొట్టుకున్నారు, అన్నీ. రాత్రి రాముడూ రావణుడూ యుద్ధానికి సిద్ధమయ్యే మధ్యలో నవ్వించే బొమ్మ కేతిగాడు దూకేవాడు. వాడి వెంట బంగారక్క, జుట్టుపోలిగాడు. ఊరి సంగతులన్నీ వాళ్ల నోట్లోంచి వచ్చి పడేవి.

మా వీధిలో ఇద్దరన్నదమ్ములు గట్టు తగాదాతో మూడేళ్లు మాట్లాడుకోలేదు. పెద్దమనుషులు చెప్పారు, వినలేదు. ఒకసారి ఆట రాత్రి కేతిగాడూ పోలిగాడూ ఒక దుప్పటి కోసం కొట్టుకున్నారు. మధ్యకు గీత గీసి, ఇటు నాది అటు నీది అని, చివరికి ఇద్దరూ చలికి వణుకుతూ ఒకరి వీపు ఒకరు ఆనించి పడుకున్నారు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అన్నదమ్ములిద్దరూ కూడా నవ్వారు, చెరో మూలన కూర్చుని. మర్నాడు మబ్బున చిన్నాయన అన్న ఇంటి ముందు ఎద్దులబండి ఆపి, "మందుల కోసం ధర్మవరం పోతాండా, ఏమన్నా తేవల్లనా?" అని అడిగాడు. గట్టు సంగతి ఆ తర్వాత కూడా తేలలేదు. మాటలు మాత్రం మొదలయ్యాయి.

అదే మాట మనిషి అని ఉంటే కత్తులు దూసుకునేవాళ్లు. బొమ్మ అంది కాబట్టి పడ్డారు. బొమ్మకు పగ ఉండదు, పక్షం ఉండదు, దాన్ని పట్టుకుని నిలదీయడానికి లేదు.

ఆ తెరను కూడా ఒకసారి దగ్గరగా చూడండి. తెల్ల గుడ్డ బిగించి కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టేవాళ్లు. మేక తోలు నానబెట్టి, వెంట్రుక తీసి, గీకి గీకి పలచన చేస్తే వెలుగు ఆ తోలు గుండా దిగుతుంది. అందుకే మన బొమ్మది నల్లటి నీడ కాదు, ఎరుపూ పచ్చా నీలమూ తెర మీద మండుతున్నట్టు పడతాయి. ఉలితో వేసిన చిల్లుల్లోంచి వచ్చిన వెలుగే నగలు. కొన్ని బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. తల, భుజం, మోచెయ్యి, నడుము వేరువేరుగా కోసి దారంతో ముడివేస్తారు. నడుమ ఒక పుల్ల, చేతులకు రెండు పుల్లలు. యుద్ధం వస్తే ఆడించేవాడు కాళ్లకు గజ్జెలు కట్టుకుని చెక్క మీద తొక్కేవాడు. ఆ దడదడకు మా గుండెలు అదిరేవి. మా అవ్వ పక్కన కంబళి కప్పుకుని, తెల్లారేదాకా కూర్చునేవాళ్లం. వానలు పడని ఏడు, ఆడిస్తే వాన వస్తుందని, పట్టుబట్టి విరాటపర్వం ఆడించేవాళ్లు. వాన వచ్చిన ఏడూ ఉంది, రాని ఏడూ ఉంది. ఎండిన చేను చూసి చూసి ఎవరింట్లో వాళ్లు కుమిలిపోతున్న జనం ఒక రాత్రంతా ఒకచోట కూర్చునేవాళ్లు. నా వరకు నాకు ఆ కూర్చోవడమే గొప్ప.

తర్వాత నేను తెలుగు పండితుణ్ణయ్యాను. సర్కారు వాళ్లు అప్పట్లో మాలాంటి వాళ్లను ఢిల్లీలోని సీసీఆర్‌టీకి పంపేవాళ్లు. చదువులో కళలను ఎలా వాడాలో అయ్యవార్లకు నేర్పడానికి 1979లో పెట్టిన సంస్థ అది. బొమ్మలాట శిక్షణ అక్కడ ముఖ్యమైన పాఠం. పాత వార్తాపత్రికలు నానబెట్టి, రుబ్బి, మైదా జిగురు కలిపి తలకాయలు చేశాం. ఎండటానికి మూడు రోజులు పట్టింది. నేను చేసిన తలకాయకు ఒక చెవి పెద్దది, ఒకటి చిన్నది. దానికి బుడ్డోడు అని పేరు పెట్టి, పాత చొక్కా గుడ్డతో ఒళ్లు కుట్టి ఊరికి తెచ్చుకున్నాను.

రాయచోటి వైపు ఒక పల్లె బడిలో ఉన్నప్పుడు, అయిదో తరగతిలోకి ఒక పాప కొత్తగా వచ్చింది. తల్లి కువైట్ పోయింది ఇంటిపనికి. ఆ వైపు ఎన్ని ఇళ్లలోనో అదే కథ. పాప అమ్మమ్మ దగ్గర ఉండేది. రెండు నెలలు బడిలో నోరు తెరవలేదు. మూగదేమో అనుకున్నారు కొందరు. మొండిది అన్నారు ఇంకొందరు. ఇంట్లో మాత్రం మాట్లాడుతుందని అమ్మమ్మ చెప్పింది.

నేను బుడ్డోణ్ణి తీశాను. ముందు వారం రోజులు బుడ్డోడు ఆ పాప వంక చూడనే లేదు. మిగతా పిల్లలతో పద్యాలు చెప్పించుకునేవాడు, తప్పు చెప్పి వాళ్లతో దిద్దించుకునేవాడు. ఒక రోజు అందరూ ఇంటికి పోయాక ఆ పాప బల్ల మీద కూర్చుని ఊరికే ఉన్నాడు. నేను కూడా ఊరికే ఉన్నాను. నా చూపు బొమ్మ మీదే. చాలాసేపటికి పాప బుడ్డోడి చిన్న చెవి పట్టుకుని, "నీకు వినపడుతుందా?" అని అడిగింది. బుడ్డోడు తలూపాడు. అప్పుడు ఆ పాప అన్నమాట నేను చచ్చేదాకా మరవలేను. "మా అమ్మ గొంతు ఎట్లుంటాదో మర్చిపోతాండా."

పది నెలలుగా తల్లి ఉత్తరాలు రాస్తోంది. ఉత్తరంలో గొంతు రాదు కదా. ఆ కాలంలో గల్ఫ్ వెళ్లినవాళ్లు మాటలు టేపు క్యాసెట్లో నింపి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేవాళ్లు. అమ్మమ్మకు చెప్పి ఉత్తరం రాయించాను. క్యాసెట్ రావడానికి రెండు నెలలు పట్టింది. టేపురికార్డరు ఉన్న ఇంట్లో కూర్చుని వింది ఆ పాప. మరుసటి వారం నుంచి బడిలో హాజరు పలికింది. అంతకు ముందు మేమంతా, నాతో సహా, ఆ పాపను వందసార్లు అడిగి ఉంటాం, "ఏమ్మా, ఎందుకు మాట్లాడవు?" అని. అడిగే పెద్దవాడి మొహంలో కోపమో జాలో కనపడుతూనే ఉంటుంది, పిల్లలు దాన్ని చూసి లోపలికి ముడుచుకుపోతారు. బొమ్మ మొహం మారదు.

ఇదేదో మన పల్లెల్లో పుట్టిన గుడ్డి నమ్మకం అనుకోకండి. న్యూయార్క్‌లో బెలెవ్యూ అని ఒక పెద్ద ఆస్పత్రి ఉంది. 1930లలో అక్కడి పిల్లల మానసిక వైద్య విభాగంలో లొరెటా బెండర్ అనే డాక్టరమ్మ, అడాల్ఫ్ వోల్ట్‌మన్ అనే ఆయన కలిసి, మనసు చెదిరిన పిల్లల కోసం చేతిబొమ్మల ఆటలు ఆడించారు. ఆట మధ్యలో ఆపి, ఇప్పుడేం చేయాలి అని పిల్లల్నే అడిగేవాళ్లు. పిల్లలు బొమ్మలకు సలహాలు చెబుతూ తమ ఇంట్లో జరిగేవి బయట పెట్టేవాళ్లు. 1936లో దాని మీద వ్యాసం కూడా ప్రచురించారు. పేరు వేరు, దేశం వేరు, కేతిగాడు చేసిన పనే అది.

బుడ్డోడు మాట్లాడేటప్పుడు నా పెదవులు కదిలేవి. పిల్లలకు అది పట్టేది కాదు, నేను బొమ్మను చూస్తున్నంతసేపూ వాళ్లూ బొమ్మనే చూసేవాళ్లు. పెదవి కదపకుండా మాట్లాడటమే మహావిద్యగా సాధించినవాళ్లు వేరే ఉన్నారు. వెంట్రిలాక్విజం అంటారు. లాటిన్‌లో ఆ మాటకు కడుపుతో మాట్లాడటం అని అర్థం. కడుపుకు ఏ సంబంధమూ లేదు. గొంతును బిగబట్టి, నాలుకతోనే అక్షరాలన్నీ పలికించాలి. ఆ గొంతు బొమ్మ నోట్లోంచి వస్తోందని మన కన్ను మన చెవికి చెబుతుంది. సినిమా హాల్లో స్పీకరు ఎక్కడో ఉన్నా మాట హీరో నోట్లోంచే వస్తున్నట్టు అనిపించడం లేదూ? అదే.

తెలుగు చదువుకున్నవాడికి ఈ విద్య కష్టం ఇంకా బాగా తెలుస్తుంది. ప, ఫ, బ, భ, మ. పెదవులు కలవకుండా పలకవు. నాన్న, అక్క, తాత, చెల్లి తేలిగ్గా వచ్చేస్తాయి. అమ్మ రాదు. పాప రాదు. అసలు బొమ్మ అన్న మాటే రాదు. ఆడించేవాళ్లు మ దగ్గర న లాంటిదాన్ని, బ దగ్గర ద లాంటిదాన్ని పలికి, వినేవాడికి తేడా తెలియనంత వేగంగా దాటిస్తారు. దానికి ఏళ్లు పడుతుంది. మన పాతవాళ్లకు ఈ అక్షరాలతో ఆట కొత్త కాదు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు పెదవి నొప్పితో తన కథంతా ఓష్ఠ్యాలు, అంటే ఈ పెదవి అక్షరాలు, లేకుండా చెబుతాడు. మన మరింగంటి సింగరాచార్యులు దశరథరాజనందన చరిత్ర అని నిరోష్ఠ్య కావ్యమే రాశాడు. మా రోజుల్లో పిల్లలకు నిరోష్ఠ్యం చెప్పేటప్పుడు వాళ్ల పెదవుల మధ్య అగ్గిపుల్ల పెట్టి మాట్లాడించేవాణ్ణి. తరగతి గొల్లుమనేది, వ్యాకరణం తలకెక్కేది. ఇప్పటి పుస్తకంలో ఓష్ఠ్యాలు అని ఒక గడిలో రాసి, పరీక్షలో రెండు మార్కులు వేస్తున్నారు.

బొంబాయిలో యశ్వంత్ పాధ్యే ఆడించిన అర్ధవట్‌రావ్ అనే బొమ్మను ఆయన కొడుకు రామదాస్ పాధ్యే కూడా ఆడించాడు. తండ్రి గొంతు కొడుకు అందుకున్నాడు, బొమ్మ బతికే ఉంది. మనకు వరంగల్లు నుంచి నేరెళ్ల వేణుమాధవ్ ఉండేవారు. ధ్వన్యనుకరణలో ఆయనంత మనిషి మళ్లీ రాలేదు. 2001లో పద్మశ్రీ ఇచ్చారు, 2018లో పోయారు. ఆయన గొంతు మార్చేటప్పుడు ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడం ఉండేది కాదు.

అది ఎందుకు చెబుతున్నానంటే, మొన్నొక పుట్టినరోజు విందులో మాట్లాడే బొమ్మతో ఒక కుర్రవాణ్ణి పిలిపించారు. విద్య ఉంది వాడిలో, పెదవి కదల్లేదు. కానీ వాడికిచ్చింది ఇరవై నిమిషాలు, వెనక డీజే మోత. బొమ్మ చేత ఒక లావుపాటి పిల్లవాణ్ణి ఎగతాళి చేయించాడు. అందరూ నవ్వారు. ఆ పిల్లవాడు భోజనానికి రాలేదు. కేతిగాడు కూడా ఊళ్లోవాళ్లను ఆడుకునేవాడు, కానీ వడ్డీ వ్యాపారిని ఆడుకునేవాడు, ఊరి పెద్దను ఆడుకునేవాడు. పసివాడి జోలికి, అనాథ జోలికి పోయేవాడు కాదు. అది ఆ విద్యలో భాగం. పెదవి కదపకపోవడం ఒక్కటే నేర్చుకుని అది నేర్చుకోకపోతే, ఆ విద్య ఎందుకూ కొరగాదు.

ఇక బ్యాటరీ బొమ్మలు. పొట్ట నొక్కితే ఒకే మాట, పదిసార్లు నొక్కితే పదిసార్లు అదే మాట. పిల్ల దానికి కష్టం చెప్పుకుంటే అది పాట పాడుతుంది. ఫోనూ అంతే. చూపిస్తుంది, వినదు. కాదు, ఇప్పుడు వింటున్నాయి, జవాబు కూడా చెబుతున్నాయి అంటాడు మా అబ్బాయి. కావచ్చు. కానీ బుడ్డోడికి ఆ పాప చెప్పింది వినడంతో నా పని అయిపోలేదు. లేచి వాళ్ల అమ్మమ్మ ఇంటికి నడిచి వెళ్లాలి, ఉత్తరం రాయించాలి, క్యాసెట్ కోసం ఎదురుచూడాలి. అది మనిషి చేసే పని.

కోపం వద్దన్నా వస్తుంది నిమ్మలకుంట గుర్తొస్తే. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. చాలా సంతోషించాను. ఇప్పుడు ఆ ఊళ్లో ఎక్కువగా చేస్తున్నవి దీపాలకు తోలు తొడుగులు, గోడకు తగిలించే పటాలు, చెవి కమ్మలు. వాళ్లను నేను తప్పు పట్టను. రాత్రంతా ఆడించుకుని పొద్దున్నే చేటెడు గింజలు పోయడం కూడా మానేసింది మనమే. వాళ్లు పిల్లల్ని ఏం పెట్టి సాకాలి? కానీ రాముడు గోడకు అతుక్కుని ఉంటే మాట్లాడడు. ఒకప్పుడు దీపం వెనక ఉండి బొమ్మను బతికించేది. ఇప్పుడు అదే బొమ్మ దీపం చుట్టూ చుట్టుకుని హోటల్ గదుల్లో వేలాడుతోంది. చేతిపని మిగిలింది. గొంతు, ఊరంతా తిరిగి వినే ఆ చెవి, పోతున్నాయి. తోలు గీకడం మళ్లీ నేర్పవచ్చు. ఎవరి మాట ఎక్కడ అనాలో, ఎక్కడ మింగాలో ఏ శిక్షణ కేంద్రమూ మూడు వారాల్లో నేర్పలేదు.

పిల్లల ఆస్పత్రులు నడిపేవాళ్లకు ఒక్క మాట. గోడల మీద ఏనుగులూ జిరాఫీలూ వేయించడానికి లక్షలు పెడుతున్నారు. ఒక నర్సుకు ఒక చేతిబొమ్మ ఇచ్చి, రోజుకు ఒక గంట వేరే పని చెప్పకుండా వదిలేయండి. సూది ముందు బొమ్మకు వేయనివ్వండి, పిల్ల చేతనే వేయించండి. బొమ్మ తక్కువ మాట్లాడాలి, ఎక్కువ వినాలి. పిల్ల నోట్లో మనం మాట పెట్టకూడదు. "డాక్టరంటే భయం కదా?" అని అడగకూడదు, "నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం. నాకూ ఏళ్లు పట్టింది.

బడి అయ్యవార్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు, వాళ్ల తీరిక ఎవరు మింగేస్తున్నారో నాకు తెలుసు. అయినా ఒక సాక్సు, రెండు గుండీలు ఉంటే బొమ్మ అవుతుంది.

ఊళ్లవాళ్లకు నాదొక విన్నపం. వచ్చే శివరాత్రికి జాగరణ పేరుతో మైకులకూ డీజేలకూ పెట్టే డబ్బు పక్కన పెట్టి, నిమ్మలకుంట వాళ్లను పిలిపించండి. గంట కాదు, అరగంట కాదు, తెల్లవార్లూ ఆడించండి. ఒక రోజు ముందే రమ్మనండి, పొద్దున ఊరంతా తిరగనివ్వండి. ఆట మధ్యలో పిల్లల్ని తెర వెనక్కి తీసుకెళ్లి, ఆడిస్తున్న ఆ చేతుల్ని చూపించండి. వాళ్లకు ముట్టాల్సింది మాత్రం ముందే, చేతిలో పెట్టండి.